కాగితం అటకెక్కితే... కష్టం నెత్తికెక్కుతుంది

* నోటీసు తీసుకోకపోయినా కేసు ఆగదు
* మనోవర్తి నుంచి చలానా వరకు మౌనమే అసలు ముప్పు
* అడిగేందుకు ఉచిత సాయం ఉన్నా అందుకునే వారు తక్కువే

హిందూపురం: చేతిలో నలిగిన కాగితం. ముఖంలో కంగారు. ‘ఇది వచ్చి ఆర్నెల్లయింది సార్‌. ఏమవుతుందిలే అని దేవుడి పటం వెనక పెట్టినాము’. హిందూపురం, కదిరి, పెనుకొండ ప్రాంతాల్లో కోర్టు పక్షి చుట్టూ తిరిగే వకీళ్ల గుమాస్తాలను ఎవరిని కదిపినా ఈ మాట తరచూ విన్నామనే చెబుతారు. ఆ కాగితం కొందరికి భార్య వేసిన మనోవర్తి కేసు నోటీసు. మరికొందరికి బెంగళూరులో భర్త దాఖలు చేసిన విడాకుల పిటిషన్‌. ఇంకొందరికి ఎప్పుడో అమ్మేసిన మోటారు సైకిల్‌పై వచ్చిన సమన్లు. కేసులు వేరు, కోర్టులు వేరు. దెబ్బతిన్న తీరు మాత్రం ఒక్కటే. తప్పు చేసినందుకు పడిన శిక్ష కంటే, బదులు చెప్పనందుకు పడిన శిక్షే వీరిలో చాలామందికి భారమైంది.

బతుకుదెరువు కోసం బెంగళూరుకు, కేరళకు వలస వెళ్లే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎక్కువ. నోటీసు ఊరి చిరునామాకు వస్తుంది. మనిషి ఊళ్లో ఉండడు. ఇంట్లోని ముసలి తల్లిదండ్రులు భయపడి తిప్పి పంపుతారు, లేదా చూరులో దోపుతారు. ఈలోగా కోర్టులో వాయిదాలు నడిచిపోతుంటాయి.

తీసుకోకుంటే తప్పించుకోవచ్చా?

‘నోటీసు తీసుకోకపోతే కేసు నడవదు’ అన్నది పల్లెల్లో బాగా పాతుకుపోయిన అపోహ. సివిల్‌ ప్రక్రియా స్మృతి ప్రకారం, పంపిన సమన్లను తీసుకునేందుకు నిరాకరించినట్లు తపాలా ఉద్యోగి రాసి పంపితే, అవి అందినట్లుగానే కోర్టు ప్రకటించవచ్చు. కోర్టు అమీనా వచ్చినప్పుడు తీసుకోకుంటే ఇంటి తలుపునకు అతికించి వెళ్లే అధికారమూ ఉంది. ఆపై హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే ఎదుటి పక్షం లేకుండానే, విచారణ ముగుస్తుంది. ఒక వైపు వాదనే కోర్టు ముందు ఉన్నప్పుడు తీర్పు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు. నోటీసు తీసుకున్నంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్లు కాదు. దావా ఒప్పుకున్నట్లూ కాదు. మన మాట చెప్పుకొనే అవకాశం అందినట్లు మాత్రమే.

మనోవర్తి: పేరుకుపోయే బాకీ

భార్య, పిల్లలు, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు మనోవర్తి కోరే హక్కు గతంలో నేర ప్రక్రియా స్మృతి 125వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌గా మారింది. అంకె మారింది గానీ హక్కు మారలేదు. మళ్లీ పెళ్లి చేసుకోని విడాకులు పొందిన భార్యకూ ఇది వర్తిస్తుంది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఈ సెక్షన్‌ కింద కోరవచ్చని తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చిచెప్పింది. భర్త ఉండే ఊరికే వెళ్లి కేసు వేయాలన్న నియమం లేదు. భార్య తాను నివసిస్తున్న ప్రాంతంలోనే వేసుకోవచ్చు. కుటుంబ న్యాయస్థానం ఉన్నచోట అందులో, లేనిచోట మొదటి తరగతి మేజిస్ట్రేట్‌ కోర్టులో పిటిషన్‌ వేయాలి.

ఇక్కడ మౌనం ఎంత ఖరీదో ఒక చిన్న లెక్క చెబుతుంది. మనోవర్తిని పిటిషన్‌ వేసిన తేదీ నుంచే లెక్కించాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉదాహరణకు నెలకు రూ.6 వేలు ఇవ్వాలని పిటిషన్‌ వేసిన 18 నెలలకు ఉత్తర్వు వెలువడిందనుకుందాం. అప్పటిదాకా ఏమీ చెల్లించని భర్త నెత్తిన ఆ రోజుకే రూ.1.08 లక్షల బాకీ పడుతుంది. చెల్లించకుంటే వారంటు జారీ అవుతుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల రోజుల వరకు జైలు తప్పదు. పోనీ జైలుకు వెళ్లొస్తే బాకీ తీరుతుందా అంటే అదీ లేదు. శిక్ష శిక్షే, బాకీ బాకీయే.

‘నాకు పని లేదు, ఎక్కడి నుంచి తెచ్చేది?’ అన్న వాదనా నిలవదు. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. అలాగని కోర్టు కళ్లు మూసుకుని అంకె వేయదు. జీతంలో మూడో వంతు, నాలుగో వంతు అంటూ చట్టంలో కచ్చితమైన వాటా ఏదీ లేదు. ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పులను ప్రమాణపత్రంలో చూపాలి. వాటిని బట్టే మొత్తం నిర్ణయమవుతుంది. భర్తకు నిజంగానే ఆదాయం తక్కువైతే ఆ సంగతి చెప్పుకోవాల్సింది అక్కడే. హాజరు కానివాడి అప్పులు కోర్టుకు ఎవరు చెబుతారు?

కావాలనే తప్పించుకు తిరుగుతున్నాడని భావించి కోర్టు ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇస్తే, తగిన కారణం చూపి రద్దు కోరేందుకు ఉత్తర్వు తేదీ నుంచి మూడు నెలల గడువు ఉంటుంది. గడువు భార్యకూ ఉంది. బకాయి వసూలుకు అది చెల్లించాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. ‘ఎప్పుడో ఒకప్పుడు మారతాడులే’ అని రెండు మూడేళ్లు ఎదురుచూస్తే, పాత బకాయిలు ఈ మార్గంలో రాబట్టుకోవడం కష్టమవుతుంది. ఉత్తర్వు చేతికొచ్చాక పెట్టెలో దాచుకున్న భార్యదీ, నోటీసును పటం వెనక పెట్టిన భర్తదీ ఒకే పొరపాటు.

సంతకం పెట్టకపోతే విడాకులు రావా?

పుట్టింటికి చేరిన ఆడపిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా నమ్మే మాట ఇది. పరస్పర అంగీకారంతో తీసుకునే విడాకులకే ఇద్దరి సంతకాలు కావాలి. అందుకు కనీసం ఏడాది విడివిడిగా ఉండి ఉండాలి. మొదటి పిటిషన్‌ తర్వాత ఆరు నెలలు ఆగాలన్న నిబంధనను తగిన సందర్భాల్లో కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే క్రూరత్వం, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసి వెళ్లడం వంటి కారణాలు చూపి ఒక్కరే వేసే పిటిషన్‌కు ఎదుటివారి సంతకంతో పనిలేదు. భర్త అలాంటి పిటిషన్‌ వేసినప్పుడు భార్య హాజరు కాకపోతే, ఆమె ఏ తప్పూ చేయకున్నా ఎక్స్‌పార్టీ డిక్రీ రావచ్చు. అప్పీలు గడువు ముగిశాక అతను మరో పెళ్లి చేసుకున్నా చట్టం అడ్డుచెప్పదు. సంతకం పెట్టలేదన్న ధీమాతో కూర్చున్న ఆమెకు ఈ సంగతి ఊరి జనం ద్వారా తెలిసేసరికి చేయి దాటిపోతుంది.

చివరిసారి కలిసి కాపురం చేసింది బెంగళూరులో అయితే, భర్త అక్కడే కేసు వేయవచ్చు. అంతదూరం తిరగలేని మహిళ ఊరకుండిపోకూడదు. కేసును తాను ఉంటున్న చోటికి మార్చాలని కోరవచ్చు. వేరే రాష్ట్రం నుంచి మార్పించుకోవాలంటే సుప్రీంకోర్టును ఆశ్రయించాలి. కేసు నడుస్తున్నంత కాలం మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు ఇప్పించాలని హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్‌ కింద అడగవచ్చు. డిక్రీ వచ్చేసి ఉంటే దాన్ని రద్దు చేయాలని కోరేందుకు గడువు 30 రోజులే. సమన్లు సరిగా అందనప్పుడు మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఈ గడువును లెక్కిస్తారు.

పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితంపై రాసుకున్న విడిపోయిన పత్రం సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. హిందూ వివాహ చట్టం కింద విడాకులు ఇచ్చేది కోర్టే. ఫలానా కులంలో, తెగలో అనాదిగా అలాంటి ఆచారం ఉందని నిరూపిస్తే తప్ప ఆ పత్రం చెల్లదు. దాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లకపోవడమే కాదు, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్‌ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడే ప్రమాదం ఉంది.

చలానా: తగ్గింపు కోసం ఎదురుచూపు

ఇక రోడ్డు మీదికి వస్తే, ఇక్కడి బండ్లు రోజూ సరిహద్దు దాటుతుంటాయి. బెంగళూరు కూడళ్లలోని కెమెరాలకు ఆంధ్రా నంబరు, కర్ణాటక నంబరు అన్న తేడా లేదు. చలానాలు పడుతూనే ఉంటాయి. వాటిని కట్టకుండా తగ్గింపు కోసం ఎదురుచూడటం కొందరికి అలవాటైంది. కర్ణాటకలో 2023 ఫిబ్రవరిలో, మళ్లీ 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో బకాయిలపై 50 శాతం రాయితీ ఇచ్చారు. తెలంగాణలోనూ 2022 మార్చిలో, 2023 డిసెంబరు చివరి నుంచి భారీ రాయితీలు ప్రకటించారు. ఇవి ప్రభుత్వాలు దయతలచి ఇచ్చినవే తప్ప హక్కు కాదు. ఈలోగా చలానా కోర్టుకు చేరవచ్చు. బండి బదిలీ చేయించుకునే సమయంలో బకాయిలు అడ్డు తగలవచ్చు.

చలానా తప్పుగా పడితే కళ్లు మూసుకుని కట్టాల్సిన పనిలేదు. దానితోపాటు ఉండే ఫొటోలో నంబరు, బండి రకం, స్థలం, సమయం సరిచూసుకోవాలి. మన బండి కాకుంటే వెంటనే ఫిర్యాదు చేయవచ్చు, కోర్టులో వాదించవచ్చు. అయితే చలానా పేరుతో ఫోన్లకు వచ్చే లింకులు, ఏపీకే ఫైళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. తెరిస్తే ఖాతా ఖాళీ అయ్యే మోసాలు పెరిగాయి. పోలీసు శాఖ వెబ్‌సైట్‌లోనో, పరివాహన్‌ పోర్టల్‌లోనో బండి నంబరు కొట్టి చూసుకోవడమే మేలు. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్‌ చేయాలి.

అమ్మిన బండి వెంటాడుతుంది

ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి, డబ్బు తీసుకుని, తాళం చెవి ఇచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. రాష్ట్రంలోనే అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజుల్లోగా, కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్‌ చెబుతోంది. పొరుగు రాష్ట్రం వారికి అమ్మితే నిరభ్యంతర పత్రం కూడా అవసరం. చేతులు ఎన్ని మారినా రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. బీమా లేని ఆ బండి ఎక్కడో ఎవరినో ఢీకొడితే, రూ.20 వేలకు అమ్మిన మనిషి లక్షల్లో పరిహారం కట్టాల్సి రావచ్చు. పరిహారం కేసు నోటీసునూ పటం వెనక పెడితే, బండి అమ్మేశానన్న మాట చెప్పుకునే వేదిక కూడా ఉండదు.

మద్యం తాగి నడిపిన కేసు అక్కడికక్కడే రుసుం కట్టి వదిలించుకునేది కాదు. కోర్టుకు వెళ్లాల్సిందే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరమే. ‘కల్లే కదా తాగింది’ అన్న సమాధానం యంత్రం ముందు చెల్లదు. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా లేదా రెండూ, రెండోసారికి రెండేళ్ల వరకు జైలు లేదా రూ.15 వేల జరిమానా లేదా రెండూ విధించవచ్చు. వాయిదాకు వెళ్లకపోతే వారంటు వస్తుంది. ఆ రోజు కూలి పోతుందని ఎగ్గొట్టిన వాయిదా తర్వాత ఎన్నో రోజుల కూలిని తినేస్తుంది.

ఇంటర్‌ చదివే కుర్రాడికి బండి ఇచ్చే తల్లిదండ్రులకు 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్‌ ఒక హెచ్చరిక. మైనరు నేరానికి పెద్దలకు మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్‌ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

అడిగితే సాయం ఉంది

స్పందించకపోవడం బద్ధకం వల్ల మాత్రమే కాదు. ఇంగ్లిషులో ఉన్న కాగితం అర్థం కాదు. కోర్టు మెట్లెక్కితే పరువు పోతుందన్న భయం. వకీలుకు ఇచ్చేందుకు డబ్బు ఉండదు. ‘నేను చూసుకుంటాలే’ అనే మధ్యవర్తి మాట తేలిగ్గా చెవికెక్కుతుంది. ఈ ఇబ్బందులకు చట్టంలో పరిష్కారం లేకపోలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. నిర్దేశిత పరిమితికి లోబడి ఆదాయం ఉన్న ఇతరులకూ ఈ సాయం దక్కుతుంది. కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయసేవాధికార సంఘంలో తెల్ల కాగితంపై అర్జీ ఇచ్చినా చాలు. 15100 నంబరుకు ఉచితంగా ఫోన్‌ చేసి సలహా అడగవచ్చు. రాజీకి వీలున్న కేసులను లోక్‌ అదాలత్‌లో తేల్చుకుంటే కట్టిన కోర్టు రుసుం తిరిగి వస్తుంది. ఆ తీర్పుపై అప్పీలు ఉండదు కాబట్టి షరతులన్నీ చదివించుకున్నాకే సంతకం చేయాలి.

లోపం వ్యవస్థలోనూ ఉంది. నోటీసుతోపాటు ‘ఫలానా తేదీన రాకపోతే ఇదీ జరుగుతుంది, ఉచిత సాయానికి ఈ నంబరుకు ఫోన్‌ చేయండి’ అని తెలుగులో నాలుగు వాక్యాల చీటీ జతచేస్తే ఎన్నో ఎక్స్‌పార్టీ ఉత్తర్వులు తప్పుతాయి. న్యాయ విజ్ఞాన సదస్సులు పట్టణాల్లోని కళాశాలల్లోనే కాక, వలస కుటుంబాలు పండుగలకు ఊరు చేరే రోజుల్లో పల్లెల్లోనూ జరగాలి. పారా లీగల్‌ వాలంటీర్లు ఎవరో, ఎక్కడ దొరుకుతారో ఊరివాళ్లకు తెలియాలి.

అవన్నీ జరిగేలోగా ప్రతి ఇంటివారూ చేయగలిగిన పని ఒకటుంది. కాగితం వచ్చిన రోజే దానిపై ఉన్న కోర్టు పేరు, కేసు నంబరు, వాయిదా తేదీ ఎవరిచేతనైనా చదివించుకుని, ఊరు దాటి ఉన్నవారికి ఫోన్లో చెప్పాలి. ఈ-కోర్ట్స్‌ యాప్‌లో కేసు నంబరుతో తర్వాతి వాయిదాలూ తెలుసుకోవచ్చు. దేవుడి పటం వెనక కాగితం భద్రంగానే ఉంటుంది. గడువు మాత్రం ఆగదు.