కడియం కింద ఆకుపచ్చ మరక

మా పక్కింటి బాబాయిగారు కీళ్ల నొప్పులకని రాగి కడియం వేసుకున్నారు. కొన్నాళ్లకు మణికట్టు చుట్టూ ఆకుపచ్చ మరక పడింది. "చూశావా అబ్బాయ్, ఒంట్లో విషాన్నంతా ఇది బయటికి లాగేస్తోంది" అని సంబరంగా చూపించారు. ఆయన నొప్పి నిజం. ఆ మరకకు ఆయన చెప్పుకున్న అర్థం మాత్రం నిజం కాదు.

మరక వచ్చింది ఒంట్లోంచి కాదు, కడియంలోంచి. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు, గాలిలోని ఆక్సిజన్ తగిలితే రాగి పరమాణువు ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. ఒకటి పోతే ఆ సమ్మేళనాన్ని క్యూప్రస్ అంటారు, రెండు పోతే క్యూప్రిక్. చర్మానికి అంటిన ఆకుపచ్చదనం క్యూప్రిక్ లవణాలది. రాగి చెంబుకు పట్టే చిలుమూ ఈ కోవలోదే. చింతపండుతో తోమి దాన్ని వదిలించే మనం, చెంబు విషం కక్కిందని ఎన్నడూ అనుకోలేదు. చెంబు మీద చిలుమైనది చేతి మీదికి రాగానే మహిమ ఎలా అయింది?

"రాగి మంచిది" అనే మాటలోనే చిక్కుంది. ఏ రూపంలో ఉన్న రాగి? ఎంత? క్యూప్రిక్ అనే పేరు మనచేత అడిగించేది ఈ ప్రశ్నే. మన రైతులు సున్నంతో కలిపి తోటలకు కొట్టే మైలుతుత్తం క్యూప్రిక్ సల్ఫేటే. అందులోనూ ఉన్నది రాగే. మింగితే ప్రాణం మీదికొస్తుంది. రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్లలో కొన్ని సూక్ష్మక్రిములు చస్తాయన్నది ప్రయోగాల్లో తేలిన మాటే. చంపేది నీటిలోకి కొద్దికొద్దిగా దిగే రాగి అయాన్లు, పాత్ర పవిత్రత కాదు. అదే పాత్రలో మజ్జిగో నిమ్మరసమో పోసి ఉంచితే ఆ పులుపుకు రాగి ఎక్కువగా కరిగి కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అందుకే మన అమ్మమ్మలు వంట గిన్నెలకు కళాయి పూయించారు. ఈ జాగ్రత్త ఊసెత్తకుండా రాగి పాత్రల గొప్ప ఒక్కటే చెప్పి అమ్మేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

కడియాన్నీ పరీక్షించారు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న 70 మందితో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. నొప్పి, వాపు తగ్గించడంలో రాగి కడియం ఏ ప్రభావమూ లేని ఉత్తుత్తి పట్టీ కంటే మెరుగని తేలలేదు. ఈ జబ్బుకు మందులున్నాయి. ఆలస్యం చేస్తే కీళ్లు శాశ్వతంగా దెబ్బతింటాయి. నా భయమంతా అదే.

బాబాయిగారి కడియాన్ని ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లలో తడిపిన గుడ్డలో చుట్టి వాళ్ల వసారాలో పెట్టాం. నాలుగు రోజులకు గుడ్డ మీదా అదే ఆకుపచ్చ. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత, డాక్టరు ఎన్నింటికి వస్తారని అడిగారు.