తెలివికి తక్కువ లేదు, పలకే చిన్నది

"మావాడికి తెలివి బోలెడు ఉంది డాక్టరు గారూ, శ్రద్ధే లేదు" అని తల్లిదండ్రులు తరచు అంటూ ఉంటారు. గ్రహణం ఎందుకు పడుతుందో చక్కగా విడమరచి చెప్పే పిల్లవాడే, లోపలికి వెళ్ళి మూడు వస్తువులు తెమ్మంటే ఒక్కటే తెస్తాడు. లెక్క జవాబు నోటితో చెప్తాడు, కాగితం మీద మధ్యలో ఒక మెట్టు వదిలేస్తాడు. ఇంట్లో దీనిని బద్ధకం అంటారు, బడిలో పొగరు అంటారు. రెండు మాటలూ తప్పేనని మా అభిప్రాయం.

ఒక పని పూర్తయ్యేవరకు దానికి కావలసిన విషయాలను మనసులో పట్టి ఉంచే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. దీనిని చిన్న పలకతో పోల్చవచ్చు. నిండిన పలక మీద కొత్తది రాయాలంటే పాతది చెరపాలి. పెద్దవారికైనా అందులో ఒకేసారి నిలిచేవి సుమారు నాలుగు విషయాలేనని నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో వివరించారు. పిల్లలకు ఇంకా తక్కువ. ఎ.డి.హెచ్.డి. అనే ఏకాగ్రత లోపం ఉన్న పిల్లలలో చాలామందికి ఈ పలక మరీ చిన్నది. వీధిలో హారన్ మోగితే చాలు, రాసినది చెరిగిపోతుంది. చురుకైన బుద్ధి, చిన్న పలక ఒకే బిడ్డలో ఉండవచ్చు.

అటువంటి బిడ్డ చిన్న తరగతులలో తెలివితో నెట్టుకొస్తాడు. పై తరగతులలో పాఠాలు, నోట్సులు పెరిగాక మార్కులు పడిపోతాయి, తిట్లు మొదలవుతాయి. అల్లరి చేయని ఆడపిల్లల విషయంలో ఇది ఎవరి కంటా పడదు. ఐ.క్యూ. పరీక్ష చేయించినా మొత్తం అంకె ఒక్కటే చూడకండి. వెక్స్‌లర్ పరీక్షలో వర్కింగ్ మెమరీకి వేరే స్కోరు ఉంటుంది, అది అడగండి.

మేము గట్టిగా చెప్పేది ఇదే: మోయవలసిన బరువు తగ్గించండి, ఆలోచన స్థాయి తగ్గించకండి. తేలిక లెక్కలిస్తే తెలివైన బిడ్డ విసుగు చెందుతాడు. కష్టమైన లెక్కే ఇచ్చి, సూత్రాలు, ఎక్కాల పట్టిక పక్కన పెట్టండి.

1. ఒకసారికి ఒక్క పనే చెప్పండి. చెప్పినది బిడ్డ చేత తిరిగి చెప్పించండి.

2. బడికి వెళ్ళేముందు చేయవలసినవి వరుసగా రాసి తలుపు మీద అంటించండి.

3. బోర్డు మీద రాసినదంతా ఎక్కించమనకుండా, నోట్సు కాపీ ఇవ్వమని టీచరు గారిని కోరండి.

"ఇలా చేస్తే సోమరి కాడా?" అని కొందరు అడుగుతారు. కిరాణా కొట్టాయన చీటీ చూసే సరుకులు కడతాడు, ఆయనను ఎవరూ సోమరి అనరు కదా.

జ్ఞాపకశక్తి పెంచుతామనే కంప్యూటర్ ఆటలకు డబ్బు పోయకండి. ఆ ఆటలలో నేర్పు వస్తుంది గాని అది చదువులోకి రాదని 2013లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. టానిక్కులతోనూ ఈ ఇబ్బంది తీరదు.

ఈ లక్షణాలు 12 ఏళ్ళ లోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా కనబడుతుంటే పిల్లల వైద్యునికి చూపించండి. చూపు, వినికిడి, నిద్ర సరిగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. మందు అవసరమా కాదా అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

రోజూ "నీకు శ్రద్ధ లేదు" అని విన్న బిడ్డ చివరకు అదే నిజమని నమ్ముతాడు. అంతవరకు రానివ్వకండి.