బొగ్గు దారిలో సిరామిక్ కోటింగ్

కొత్త కారు తాళాలు ఇచ్చేముందు సిరామిక్ కోటింగ్ వేయించమంటారా అని షోరూమ్‌లో అడుగుతారు. ఖమ్మం, భద్రాచలం మధ్య బండి తిప్పేవారు ఆ మాటకు ఇట్టే లొంగిపోతారు. ఖమ్మం చుట్టూ గ్రానైట్ పొడి, కొత్తగూడెంలో బొగ్గు లారీలు, పాల్వంచలో థర్మల్ కేంద్రం బూడిద, వేసవి వస్తే 45 డిగ్రీలు దాటే ఎండ. ఇన్నిటి మధ్య రంగుకు రక్షణ కావాలన్నది నిజమే. అయితే ఇక్కడి కార్లలో చాలావాటికి ఆ రక్షణ కోటింగ్ వల్ల రాదు, కడిగే పద్ధతి వల్ల వస్తుందన్నది నా అభిప్రాయం.

కారు మీది రంగు పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందం. అందులో పైనుండే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకునే రసాయనాలు ఫ్యాక్టరీలోనే అందులో కలుస్తాయి. సిరామిక్ కోటింగ్ దాని మీద వేసే సిలికా పూత. మామూలుగా ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ గట్టిదనం పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలోది. గ్రానైట్ పొడిలో, థర్మల్ బూడిదలో ఉండే క్వార్ట్జ్ రేణువు గాజునే గీస్తుంది. పొద్దున్నే పొడిగుడ్డతో బానెట్ తుడిచే అలవాటు మన వీధుల్లో ఎంత ఉందో అందరికీ తెలుసు. ఎండలో సాలెగూడులా మెరిసే సన్నని గీతల్లో ఎక్కువ భాగం ఆ తుడుపువే. కోటింగ్ ఉన్నా గీత పడుతుంది. ముందు ధారగా నీళ్లు పోసి దుమ్ము జార్చి, తర్వాత షాంపూ నీళ్లలో ముంచిన మైక్రోఫైబర్ గుడ్డ వాడితే ఆ గీతలు చాలావరకు పడవు. దానికయ్యే ఖర్చు కొన్ని వందలే.

కోటింగ్ మీద నీళ్లు నిలవవు, మురికి తేలిగ్గా పోతుంది కదా అంటారు. ఒప్పుకుంటాను, నల్లకారు కొని, తన చేత్తో ఓపిగ్గా కడుక్కునే వారికి అది పనికొచ్చే సుఖమే. కానీ బోరునీటి చుక్క ఎండకు ఆరితే ఉప్పుమచ్చ దాని మీదా పడుతుంది. చింతూరు వైపు రాత్రి అడవిదారిలో అంటుకున్న పురుగుల్ని, చెట్టుకింద పడ్డ రెట్టల్ని పొద్దున్నే కడగక తప్పదు. కోటింగ్ ఇచ్చేది కాస్త గడువు మాత్రమే. అమ్మేటప్పుడు ధర పలుకుతుందన్న వాదన ఇంకా బలహీనం. పాతకారు కొనేవాడు ముందు ఇంజిన్ వింటాడు, ప్రమాదం జరిగిందా అని ఆరా తీస్తాడు, సర్వీసు కాగితాలు అడుగుతాడు.

మణుగూరు, కొత్తగూడెం దారుల్లో రోజూ టిప్పర్ల వెనక నడిపేవారి సంగతి వేరు. టైరు కింది నుంచి ఎగిరిన కంకర దెబ్బను ఆపేది పీపీఎఫ్ అనే పాలీయురేథేన్ ఫిల్మ్. దాని మందం 150 నుంచి 200 మైక్రాన్లు కాబట్టి దెబ్బను తాను తింటుంది. బండంతా అతికిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ముందు బంపర్‌కు, బానెట్ అంచుకు, సైడ్ మిర్రర్ల వెనక భాగానికి వేయిస్తే చాలు.