కృత్రిమ మేధ: విస్తరణాధికారికి ముందుగా నేర్పవలసినది

తెలంగాణ ప్రభుత్వం 2020ని కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది. ఆ తరువాత ఖమ్మం జిల్లాలో దాదాపు 7,000 మంది మిరప రైతులతో చేపట్టిన 'సాగు బాగు' కార్యక్రమం ఈ సాంకేతికతను పొలం గట్టు వరకు తెచ్చింది. మెదక్ వంటి వరి ప్రాంతాలలోని వ్యవసాయ విస్తరణాధికారులకు, వారి పనిని పర్యవేక్షించే అధికారులకు కూడా ఇందులో శిక్షణ అవసరమే. అయితే యాప్ తెరవడం, ఫొటో తీయడం, వచ్చిన సమాధానాన్ని రైతుకు చదివి వినిపించడం మాత్రమే నేర్పితే అది శిక్షణ అనిపించుకోదు. యంత్రం వేటిని చూసి నేర్చుకున్నది, ఎక్కడ పొరబడుతుంది అని అడగగల నేర్పు ముందుగా అలవడాలి.

ఇందుకు 'ప్లాంట్‌విలేజ్' చిత్రాల అనుభవమే చక్కని పాఠం. 14 పంటలకు, 26 తెగుళ్లకు చెందిన 54,306 ఆకుల చిత్రాలతో శిక్షణ పొందిన నమూనా, అదే కోవకు చెందిన చిత్రాలపై 99.35 శాతం కచ్చితత్వం చూపినట్లు 2016లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. వేరే పరిస్థితులలో తీసిన చిత్రాలు చూపగా అది సుమారు 31 శాతానికి పడిపోయింది. ఆకును కోసి, ఒకే రంగు నేపథ్యంపై ఉంచి తీసిన చిత్రాలతో నేర్చుకున్న యంత్రానికి నీడ, బురద, మంచు, పక్క దుబ్బుల ఆకులు కొత్తవే. పైగా ఆ 14 పంటలలో వరి లేనేలేదు.

మెదక్ రైతుకు ఇది పుస్తకాలలోని చర్చ కాదు. మంజీరపై 1905లో నిర్మించిన ఘనపూర్ ఆనకట్ట కింద వరే ప్రధాన పంట. యాసంగి వరిలో జింకు లోపిస్తే ముదురాకులపై తుప్పు రంగు మచ్చలు ఏర్పడతాయి. వాటిని గోధుమ మచ్చ తెగులుగా యంత్రం పొరబడితే రైతు శిలీంధ్రనాశినికి డబ్బు పోస్తాడు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయవలసిన సమయం దాటిపోతుంది. బ్యాక్టీరియా ఎండాకు తెగులును నత్రజని లోపంగా భావించి యూరియా చల్లిస్తే నష్టం ఇంకా ఎక్కువ, తెగులు ఉధృతమవుతుంది. యంత్రం తప్పు చెప్పినా పంట నష్టపోయేది రైతే, రైతు నిలదీసేది విస్తరణాధికారినే.

పర్యవేక్షకులకు నేర్పవలసిన పాఠం వేరు. ఉదాహరణకు 100 మడులలో 5 మడులకే తెగులు సోకిందనుకుందాం. ప్రతి మడికీ 'తెగులు లేదు' అని చెప్పే యంత్రం కూడా 95 శాతం సరైనదే అవుతుంది. కాని తెగులు సోకిన ఒక్క మడినీ పట్టుకోదు. అందువలన యాప్‌ను ఎందరు వాడారన్న లెక్కతో సమీక్ష ముగియరాదు. సోకిన మడులలో ఎన్నింటిని గుర్తించింది, సోకని ఎన్నింటికి మందు కొట్టించింది అన్న లెక్క కూడా అడగాలి.

ఇప్పటికే పంట నమోదు మొదలు పలు పనుల ఒత్తిడిలో ఉన్న సిబ్బందిపై ఇది మరొక భారమన్న వాదనలో నిజం ఉంది. అయితే పనిలో ఉన్నవారికి ఎలా నేర్పాలో హైదరాబాదులోని 'మేనేజ్' సంస్థ చూపింది. అది 2003లో ఉత్పాదకాల డీలర్ల కోసం ప్రారంభించిన 'దేశీ' డిప్లొమా వారానికి ఒక రోజు చొప్పున 48 వారాలు సాగుతుంది. అధికారులకు అంత కాలం అక్కరలేదు. యాసంగి నాట్ల నుండి ఈనిక వరకు వారానికొక పూట చాలు.

తరగతి రైతు వేదికలోనే జరగాలి. ప్రతి విస్తరణాధికారి తన క్లస్టర్‌లోని పొలాలలో తీసిన చిత్రాలు తేవాలి. యంత్రం చెప్పినదానిని, శాస్త్రవేత్త పొలంలో నిర్ధారించినదానిని పక్కపక్కన ఒక రిజిస్టరులో రాయాలి. పంటకాలం ముగిసేసరికి ఆ యాప్‌ను తమ మండలంలో ఏ తెగులుకు నమ్మవచ్చో, దేనికి నమ్మరాదో అధికారులే చెప్పగలుగుతారు. ఆ రిజిస్టరు చూడనిదే ఏ సలహా యాప్‌నూ జిల్లాలో రైతులకు సిఫారసు చేయరాదు.