ఎన్నికల ఖర్చులో కనిపించని పద్దు



పంచాయతీ ఎన్నికల ఖర్చును భరించేదెవరని అడిగితే, మనమందరమూ తడుముకోకుండా "ప్రభుత్వమే" అంటాము. అందులో సగమే నిజము. వాహనాలకు, కాగితాలకు, సిబ్బంది భత్యానికి ప్రజాధనం వెచ్చిస్తారు. పోలింగు కేంద్రంలో కూర్చున్న పంతులుగారి జీతం మాత్రం బడి పద్దులోనే నడుస్తుంది. ఆనాడు జరగని పాఠానికి ఏ పద్దూ లేదు.

రాజ్యాంగంలోని 243కె అధికరణం ప్రకారం, రాష్ట్ర ఎన్నికల సంఘం కోరితే గవర్నరు సిబ్బందిని సమకూర్చాలి. అలా మొదట చేతికి అందేది బడిపంతులే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షను కూడా జనగణనతో, విపత్తు సహాయంతో పాటు ఎన్నికల పనిని అనుమతించింది. అయితే అదే చట్టం 5వ తరగతి వరకు ఏటా 200, ఆ పైన 8వ తరగతి వరకు 220 పనిదినాలు ఉండాలన్నది. చెప్పేవారు లేని తరగతిని పనిదినమని ఎలా అనగలము?

అంతకు ముందే, 2007 డిసెంబరు 6న, సెయింట్ మేరీస్ స్కూలు కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది: బోధన సిబ్బందిని సెలవులలోను, బోధన లేని దినాలలోను ఈ పనికి వినియోగించాలి. ఓటింగు ఆదివారం జరిగినా, శిక్షణ తరగతులు బడిరోజున పెడితే ఆ తీర్పు స్ఫూర్తి నిలుస్తుందా?

మన సగరోళి వంటి సరిహద్దు గ్రామాలను తలచుకోండి. మరాఠీ పంతులుగారు వెళితే మరొకరు తరగతిని చూడగలరు. తెలుగు చెప్పేవారు ఒక్కరే ఉన్నచోట ఆ ఒక్కరూ వెళితే, ఆనాటికి తెలుగే లేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలన్న 350ఎ అధికరణం కాగితం మీదనే మిగులుతుంది.

"ప్రజాస్వామ్య సేవ కదా, భత్యం ఇస్తున్నారు కదా" అనేవారున్నారు. సేవకు మనం వెనుదీయడం లేదు. భత్యం ఉపాధ్యాయుని శ్రమకు దక్కింది. పిల్లవాడు పోగొట్టుకున్నదానికి ఏమి దక్కింది?

కాబట్టి మనం కోరవలసినవి మూడు. శిక్షణ సెలవు దినాలలోనే జరగాలి. భాషకు ఒక్కరే ఉన్న ఉపాధ్యాయుని చివరి అవసరానికే పిలవాలి. తప్పనిసరైతే, ప్రత్యామ్నాయ బోధకుని వేతనం ఎన్నికల నిధి నుండే రావాలి.

తల్లిదండ్రులారా, పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు మీరే. ఈ ఏడాది ఎన్ని తెలుగు పాఠాలు ఎన్నికలకు పోయాయో వచ్చే సమావేశంలో అడిగి, ఆ సంఖ్యను తీర్మానంలో వ్రాయించండి. లెక్కకెక్కని నష్టాన్ని ఎవరూ పూడ్చరు.