మూడుమార్లు అడిగిన పిమ్మటి మౌనము

అనంత చతుర్దశినాడు బాలాపూర్ గణనాథుడు ఊరేగి వచ్చిన పిమ్మట లడ్డూ పాటకై అచ్చట కిక్కిరిసిన జనమును చూచినవారెవ్వరును, ఆ సమూహము కొద్ది నిమిషములలో, తగవు లేకుండ, లక్షల రూపాయల నిర్ణయమును చేయగల సభ యని తలంపరు. 1994లో 450 రూపాయలతో ఆరంభమైన ఆ వేలము 2024లో 30,01,000 రూపాయలకు, 2025లో 35 లక్షలకు చేరినది; కరోనా మూలమున 2020లో మాత్రము పాట జరుగలేదు. పత్రికలు ఏటేటా ధరను చూచి విస్తుపోవును; నాకు మాత్రము అందలి సభామర్యాదయే వింతగొల్పును. పాట పాడుటకు అర్హులెవరో ముందే తేలియుండును: 2024లో ముందటి ఏటి ధరయైన 27 లక్షలను జమచేసినవారే పాడవలెనని నియమము పెట్టిరి. వేదికపై ఒకే వస్తువు, సభ ముందు ఒకే ప్రశ్న. కడపటి ధరను ఒకటవసారి, రెండవసారి, మూడవసారి యని పిలిచిన పిదప ఎవ్వరును పలుకకున్నచో పాట ముగిసినట్లే. "నేను ఇంకను పాడబోవుచుంటిని" అని సాయంకాలము వచ్చి వాదించుటకు తావు లేదు.

ఇదే ప్రాంతమున, దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ దాక, అపార్ట్‌మెంట్ల సెల్లారులలో ఆదివారము పూట జరుగు అసోసియేషన్ సమావేశముల తీరు వేరు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి, బోరు మోటారు మార్పించుటను గూర్చి మాట మొదలు పెట్టుదురు; మోటారు నుండి ట్యాంకరునకు, ట్యాంకరు నుండి పార్కింగునకు, పార్కింగు నుండి నిరుటి ట్రెజరర్ లెక్కలకు ప్రసంగము జారిపోవును; ఇద్దరొక్కమారే లేతురు; మూడవవాడు "అన్నా, జర నా మాట ఇనుండ్రి" అని మొత్తుకొనును. అధ్యక్షుడు గడియారము చూచుకొని, "అందరికీ ఓకేనే గదా" అని, జవాబునకై వేచియుండక, తరువాతి అంశమునకు పోవును. ఆ రాత్రి సెక్రటరీ మినిట్స్ పుస్తకములో "ఏకగ్రీవముగా ఆమోదించబడినది" అని వ్రాయును. తెల్లవారునప్పటికి వాట్సాప్ గ్రూపులో అసలు సభ ఆరంభమగును.

సభ్యుల దురుసుతనమే ఇందులకు కారణమనియు, గట్టి గొంతుగల అధ్యక్షుడుండిన అంతయు సర్దుకొనుననియు చెప్పుకొనుట పరిపాటి. నేనది నమ్మను. సరిగా అడుగని ప్రశ్నకు రాని జవాబును అంగీకారముగా లెక్కించుటయే అచ్చటి దోషము.

బౌద్ధసంఘము ఈ సూక్ష్మమును ఏనాడో గ్రహించినది. వినయ నియమముల ననుసరించి, గురుతర కార్యములలో ప్రతిపాదనను మొదట సంఘమునకు విన్నవించి, ఆపై దానిని మూడుమార్లు ప్రకటింపవలెను. సమ్మతించువారు మౌనము వహింపవలెను, సమ్మతింపనివారు పలుకవలెను. కోరము లేని సభ చేసిన కార్యము చెల్లదు. భేదము తెగకున్నచో శలాకలను, అనగా ఓటు పుల్లలను, పంచి లెక్కింతురు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేడ్కరు, తీర్మానము, కోరము, విప్పు, రహస్య ఓటు మొదలగువానిని బౌద్ధసంఘము లెరిగియుండెనని ప్రత్యేకించి చెప్పెను. అమరావతి, నాగార్జునకొండ విహారములు వెలసిన నేలపై నుండియు మనమీ పద్ధతిని దొరల మర్యాదగా భావించి దూరముంచుట చిత్రమే. అమెరికా సైనిక ఇంజనీరు హెన్రీ రాబర్ట్ 1863లో ఒక చర్చి సభకు అధ్యక్షుడై, దాని నదుపు చేయలేక భంగపడి, 1876లో తన నియమావళిని ప్రకటించెను. ఆయన అరచుట నేర్చుకొనలేదు, సభతోపాటు అధ్యక్షుని గూడ కట్టివేయు నియమములను వ్రాసెను.

ఆ కట్టుబాటు విలువ మన తెలుగువారే లోక్‌సభలో చూపిరి. నీలం సంజీవరెడ్డి 1967లో స్పీకరైనంతనే తన పార్టీ సభ్యత్వమునకు రాజీనామా చేసెను. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వము విశ్వాసపరీక్ష కెదురు నిలిచినప్పుడు, ఒరిస్సా ముఖ్యమంత్రియై యుండియు లోక్‌సభ సభ్యత్వమును వదలని ఒక సభ్యుని ఓటును గూర్చి పెను వివాదము రేగగా, నాటి స్పీకరు బాలయోగి ఆ భారమును ఆ సభ్యుని అంతరాత్మకే విడిచెను. 269కి 270: ఒక్క ఓటుతో ప్రభుత్వము పడిపోయినది. ఓడినవారు కుమిలిరి గాని, లెక్కను కాదని పీఠము విడువకుండలేదు.

ఇరుగుపొరుగు వారము, బాబాయ్ అన్నా అని పిలుచుకొనువారము, మనకింత తంతు ఎందులకని కొందరందురు. కొంత నిజమే. పన్నెండుమందికి మించని చిన్న సమితులలో తీర్మానమును మరొకరు బలపరచవలెనను పట్టు లేదనియు, అధ్యక్షుడు సైతము చర్చలో పాల్గొనవచ్చుననియు రాబర్ట్ సంప్రదాయమే సడలించినది. సడలింపరాని దొక్కటి కలదు: కాదన్నవాని పేరు. 2013 నాటి కంపెనీల చట్టము, బోర్డు తీర్మానముతో విభేదించిన డైరెక్టర్ల పేర్లను మినిట్సులో వ్రాయవలెనని శాసించుచున్నది. పేరు నమోదైనవానికి వాట్సాప్‌లో మరల అరువవలసిన అగత్యముండదు. తన మాట పుస్తకములో నున్నది.

కావున మోటారు తీర్మానమును ముందు కాగితముపై ధరతో సహా వ్రాసి, బిగ్గరగా చదివి, "కాదనువారెవరు" అని మూడుమార్లు అడిగి, చేతులు లెక్కించి, ఆ అంకెలను, పేర్లను అక్కడికక్కడనే మినిట్సు పుస్తకమున కెక్కించి, వచ్చు సమావేశపు మొదట దానిని చదివి వినిపింపవలెను. ఇందులకు పది నిమిషములు చాలును. సెల్లారులోని దోమలకు అంతకు మించిన అవకాశ మీయ నక్కరలేదు.