గంజి పెట్టకూడని చొక్కా

మా పక్కింటి పిన్నిగారి అబ్బాయికి సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం. మొన్న ఆవిడ అతని డ్యూటీ చొక్కాకు చిక్కని గంజి పెట్టి ఆరవేస్తున్నారు. “దానికి గంజి వద్దు పిన్నిగారూ!” అన్నాను. “అదేమిటమ్మా, గంజి లేకపోతే చొక్కా నిలబడుతుందా?” అన్నారు. ఆవిడకు చెప్పినదే మీకూ చెబుతాను.

కరెంటు పనిలో ప్రమాదం అంటే మనకు తెలిసింది షాకు. తీగె ముట్టుకోకపోతే భయం లేదనుకుంటాం. కాని స్విచ్‌బోర్డులో పానా జారి పడిందనుకోండి, కరెంటు గాలిలోనుంచే దూకుతుంది. దాన్ని ఆర్కు అంటారు. అక్కడి వేడి 20,000 డిగ్రీల సెంటిగ్రేడు దాకా పోవచ్చు. సూర్యుని ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలే! 1982లో రాల్ఫ్ లీ అనే అమెరికన్ ఇంజనీరు ఈ కాలిన గాయాల గురించి వ్యాసం వ్రాసి అందరి దృష్టినీ ఇటు మళ్ళించాడు.

ఆ మెరుపు క్షణంలో పోతుంది. అంటుకున్న చొక్కా మాత్రం మండుతూనే వుంటుంది. నైలాను, పాలియెస్టరు అయితే మరీ ఘోరం. సుమారు 250 డిగ్రీలకే కరిగి ఒంటికి అతుక్కుపోతాయి. అందుకే గాయాన్ని పెంచే ఇలాంటి బట్టలు తొడగరాదని 1994లో అమెరికాలో లైను పనివారికి నిబంధన పెట్టారు. నూలు కరగదు గాని, మండుతుంది.

మంటకు తట్టుకునే బట్ట రెండు విధాలు. నూలుబట్టకు భాస్వరం కలిసిన రసాయనాలు పట్టించడం ఒకటి. నోమెక్సు వంటి దారంతో నేయడం రెండోది. ఆ దారానికి స్వభావంగానే ఆ గుణం వుంది. ఇవి అసలు కాలవని కాదు. మాడుతాయి గాని, నిప్పు తొలగగానే మంట తనంతట తానే ఆరిపోతుంది.

ఆ గుణాన్ని నిలిపేదీ, చెరిపేదీ మన ఇంటి చాకిరేవే. గంజి మంటకు మేత. బట్టను మెత్తబరిచే ద్రావకాలూ అంతే. బ్లీచింగు పౌడరు ఆ మందును పాడు చేస్తుంది. నూనె, గ్రీజు మరకలు వుంచరాదు. చిరిగితే మామూలు గుడ్డతో మాసిక వేయరాదు. లోపల నూలు బనీనే తొడగాలి. చేతులు మడవకుండా, గుండీలన్నీ పెట్టుకోవాలి.

ఒక్క మాట. ఈ చొక్కా షాకును ఆపదు సుమా! దానికి రబ్బరు తొడుగులు వేరే వున్నాయి. వీటన్నిటికంటె ముందు కరెంటు ఆపి, ఆగిందో లేదో పరీక్షించి చూసుకోవాలి. చొక్కా ఆఖరి అండ మాత్రమే.

అంతా విని పిన్నిగారు మాట్లాడలేదు. ఆరవేసిన చొక్కా తీసి, మళ్ళీ నీళ్ళలో జాడించారు.